మాత్రను పెరుగన్నంలో దాచకండి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఊరు. నాన్నకు చేపల చెరువులున్నాయి. మా తమ్ముడికి 24 ఏళ్లు. హైదరాబాద్‌లో బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉండగా నిద్రపోవడం మానేశాడు. రూమ్మేట్లు తన ఫోన్ వింటున్నారని, టీవీలో యాంకర్లు తన గురించే మాట్లాడుతున్నారని అనేవాడు. ఇంటికి తీసుకొచ్చి ముందు తాయెత్తు కట్టించాం. తర్వాత సైకియాట్రిస్టుకి చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు. రిస్పెరిడోన్ 4 మి.గ్రా. మాత్రలతో రెండు నెలల్లో చాలా మెరుగయ్యాడు. ఆరో నెలలో ‘బాగానే ఉన్నాను కదా’ అని మానేశాడు. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ మొదలైంది. పక్కింటి డాబా మీది డిష్ యాంటెన్నా తన ఆలోచనలు లాగేస్తోందంటాడు. మాత్ర వేసుకోనంటున్నాడు. అమ్మ పెరుగన్నంలో నూరి కలుపుతోంది. నాన్న ‘సోమరిపోతు’ అని తిడతారు. మేనత్త ఏమో పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందంటోంది. నాకు ఇప్పుడు మూడో నెల. అత్తగారింట్లో తమ్ముడి విషయం చెప్పలేదు. నాకు పుట్టే బిడ్డకూ ఈ జబ్బు వస్తుందా? వాడు మందులు ఎన్నేళ్లు వాడాలి? మామూలు మనిషి అవుతాడా? – ఒక అక్క

సమాధానం: మీరు అడిగిన వాటన్నిటికన్నా ముందు తేల్చాల్సింది, మీరు అడగకుండా చెప్పిన పెరుగన్నం సంగతి.

అమ్మను తప్పుపట్టడం లేదు. కొడుకు రాత్రంతా కన్ను మూయకుండా డాబా వైపు చూస్తూ కూర్చుంటే ఏ తల్లయినా ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. కానీ నూరి కలిపిన మాత్ర ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. అన్నం సగం వదిలేస్తే సగం డోసే. ఆకలి లేదన్న రోజు అదీ లేదు. డాక్టరు మాత్రం చీటీలో 4 మి.గ్రా. అని చూసి, ఇంత వాడినా తగ్గలేదనుకుని డోసు పెంచుతారు, లేదా మందు మారుస్తారు. లోపలికి పోని మందు పనిచేయని మందుగా లెక్కలోకి ఎక్కిపోతుంది. దాచి కలిపే ఇళ్లలో ఇది తరచుగా జరిగే పొరపాటు.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఎవరో తన మీద ఏదో చేస్తున్నారని మీ తమ్ముడు ఇప్పటికే నమ్ముతున్నాడు. ఒక రోజు అన్నంలో పొడి కంటపడితే, నాలుకకు చేదు తగిలితే, ఆ నమ్మకానికి సొంత ఇంట్లోనే సాక్ష్యం దొరికినట్టవుతుంది. ఆ తర్వాత అమ్మ చేతి ముద్ద ముట్టడు. అతనికి ఇంట్లో మిగిలిన ఒక్క ఆసరా అమ్మే అయితే అదీ పోతుంది. కలిపిన మాత్రతో ఒకవేళ నెమ్మదించినా, ‘మందు లేకుండానే తగ్గింది’ అనుకుంటాడు. మాత్రకూ తను బాగుండటానికీ సంబంధం ఉందని తెలుసుకునే అవకాశమే అతనికి ఉండదు.

అలాగని ఈ రాత్రే ఆపేసి, ఎదురుగా కూర్చోబెట్టి ఒప్పుకోమని అనడం లేదు. అనుమానం ఇంత ముదిరి ఉన్నప్పుడు ఆ సంగతి బయటపడితే ఇల్లు వదిలి వెళ్లిపోవచ్చు. ఈ వారంలోనే అమ్మనో నాన్ననో తీసుకుని, అతను రాకపోయినా సరే, డాక్టరు దగ్గరికి మీరే వెళ్లండి. ఎన్ని రోజులుగా కలుపుతున్నారు, ఒక్కోసారి ఎన్ని మి.గ్రా., వారంలో ఎన్ని పూటలు నిజంగా తిన్నాడు అన్నది ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచిపెట్టే పద్ధతి నుంచి చెప్పి ఇచ్చే పద్ధతికి ఎలా మారాలో డాక్టరుతో కలిసి అనుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. అతను మాత్ర ఎందుకు మానేశాడు? ‘బాగానే ఉన్నాను కదా’ అన్నది నిజమైన కారణమే. కానీ చాలాసార్లు దాని వెనక చెప్పని కారణం ఒకటి ఉంటుంది. రిస్పెరిడోన్ లాంటి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని తగ్గిస్తాయి. అనుమానాలు, లేని మాటలు వినిపించడం తగ్గేది అందువల్లే. కానీ అదే డోపమైన్ శరీరపు కదలికల్ని, ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను కూడా అదుపు చేస్తుంది. అందుకే కొందరికి చేతులు వణుకుతాయి, ఒళ్లు బిగుసుకుని నడక చెక్కబొమ్మలా మారుతుంది, నోట్లో చొంగ కారుతుంది. ప్రొలాక్టిన్ పెరిగితే మగవారిలో లైంగిక కోరిక తగ్గుతుంది, అంగస్తంభన సరిగా ఉండదు, కొద్దిమందికి రొమ్ములు ఉబ్బుతాయి. ఆడవారికైతే నెలసరి ఆగిపోతుంది. 24 ఏళ్ల కుర్రాడు ఈ మాట అమ్మతో అంటాడా? అక్కతో అంటాడా? మాత్ర మానేస్తాడంతే. కాబట్టి డాక్టరు దగ్గర అతన్ని కనీసం ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీరంతా బయట కూర్చోండి. డోసు కొంచెం తగ్గించడం, ప్రొలాక్టిన్‌ను పెంచని అరిపిప్రజోల్ లాంటి మందుకు మార్చడం, వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్ ఇవ్వడం – వీటన్నిటికీ దారులున్నాయి. అడిగితేనే ఆ దారి తెరుచుకుంటుంది.

ఒక దుష్ప్రభావం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఇంట్లోవాళ్లే కాదు, అప్పుడప్పుడు డాక్టర్లూ జబ్బే అనుకుంటారు. మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొద్ది రోజుల్లో మనిషి ఒకచోట కూర్చోలేకపోతాడు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, నిలబడ్డా కాళ్లు మార్చి మార్చి వేస్తుంటాడు. దీన్ని అకతీసియా అంటారు. చూసేవాళ్లు ‘పిచ్చి ముదిరింది’ అనుకుంటారు, డోసు పెంచుతారు, అది ఇంకా ఎక్కువవుతుంది. ఆ బాధ భరించలేక ప్రాణం తీసుకోవాలనుకునేవారూ ఉన్నారు. తేడా పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘ఈ అలజడి కాళ్లలో ఉందా, మనసులో ఉందా? నడిస్తే కాస్త నయంగా ఉందా?’ కాళ్లలో, నడిస్తే నయం అన్నాడంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. డోసు తగ్గించి, అవసరమైతే ప్రొప్రనొలాల్ అనే మాత్ర ఇస్తే చాలామందికి కుదుటపడుతుంది.

ఇంకొకటి. మందు మొదలైన తొలి రోజుల్లో, ముఖ్యంగా ఈ కోవకే చెందిన హాలోపెరిడాల్ ఇంజెక్షన్ చేసిన కుర్రాళ్లలో, మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి వెళ్లిపోవడం, దవడ బిగుసుకుపోవడం జరగవచ్చు. మన ఊళ్లలో ఇది చూసి ‘చూశారా, దెయ్యమే’ అని మళ్లీ భూతవైద్యుడి దగ్గరికి పరుగెడతారు. అది కండరాల పట్టేత. ఆసుపత్రిలో ఒక్క ఇంజెక్షన్‌తో అరగంటలోపే సాధారణంగా విడిపోతుంది. కానీ తీవ్రమైన జ్వరంతో ఒళ్లంతా కర్రలా బిగుసుకుని మనిషి అయోమయంగా ఉంటే మాత్రం అది ప్రాణాపాయం. మాత్ర ఆపి, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు డిష్ యాంటెన్నా. మీరంతా ఇప్పటికే వంద విధాలుగా చెప్పి ఉంటారు: అది టాటా స్కై గొడుగురా, దానికి ఆలోచనలు లాగే శక్తి ఎక్కడిది అని. లాభం లేదు. మామూలుగా మన మెదడు కంటపడిన ప్రతిదానికీ విలువ ఇవ్వదు. పక్కింటి గొడుగు, రోడ్డు మీద దగ్గిన మనిషి, టీవీలో ఎవరో అన్న మాట – వీటిని అలా వదిలేస్తుంది. ఏది ముఖ్యమో ముద్రవేసే పనిలో డోపమైన్‌ది పెద్ద పాత్ర. ఈ జబ్బులో ఆ ముద్ర తప్పుడు చోట పడుతుంది. గొడుగు తనవైపే తిరిగి ఉందన్నది అతనికి ఒక ఆలోచన కాదు, అనుభవం. మీకు పంటి నొప్పి వస్తే ‘నొప్పి లేదు, నీ భ్రమ’ అని ఎవరైనా అంటే ఎలా ఉంటుందో, మీ వాదన అతనికి అలా ఉంటుంది. జబ్బు ఉందని తనకు తెలియకపోవడం కూడా మొండితనం కాదు. చాలామందిలో అది జబ్బులో భాగమే.

వాదించవద్దు, అలాగని ‘అవునురా, లాగుతోంది’ అని ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే ఆ నమ్మకానికి మీరు గోడ కట్టినట్టే. రేపు గొడుగు పీకేయమంటాడు. మధ్యలో ఒక దారి ఉంది. ‘నీకు నిజంగానే అలా అనిపిస్తోందని నాకు తెలుసురా. నాకు మాత్రం అలా తెలియడం లేదు. కానీ నాలుగు రాత్రులుగా నువ్వు నిద్రపోలేదు, కళ్లు లోపలికి పోయాయి. నిద్రకైనా ఏదైనా చేద్దాం.’ ఇందులో అబద్ధం లేదు, వాదన లేదు, అతను కాదనలేని బాధ ఒకటి ఉంది. యాంటెన్నా దగ్గర మీ ఇద్దరికీ పొత్తు కుదరదు, నిద్ర దగ్గర కుదురుతుంది. ‘స్కిజోఫ్రీనియాకు మాత్ర’ వద్దనే మనిషి ‘భయం తగ్గి నిద్రపట్టడానికి మాత్ర’ వేసుకోవడానికి ఒప్పుకోవచ్చు. అదీ నిజమే కాబట్టి మోసం కాదు. మాట్లాడేటప్పుడు టీవీ ఆపేయండి. ఒక్కరే మాట్లాడండి. చిన్న వాక్యాలు చాలు. జవాబుకు కాస్త ఆగండి, జబ్బులో మాట అల్లుకోవడానికి సమయం పడుతుంది. పక్క గదిలో గుసగుసలు వద్దు. అతని గురించి ఫోన్‌లో బంధువులకు చెప్పేది ఏదైనా ఉంటే ఇంటి బయట, అతనికి వినపడనంత దూరంలో చెప్పండి.

నాన్నగారి ‘సోమరిపోతు’ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ జబ్బుకు రెండు ముఖాలు. ఒకటి అందరికీ కనిపించేది: అనుమానాలు, వినిపించే మాటలు, పొంతన లేని మాటలు. రెండోది నెమ్మదిగా వచ్చి ఎక్కువ కాలం ఉండేది: లేవాలనిపించకపోవడం, స్నానం మానేయడం, ముఖంలో భావం లేకపోవడం, నలుగురిలోకి రాకపోవడం. దీనికి తోడు జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి. మొదటి ముఖం మీద మందులు బాగా పనిచేస్తాయి. రెండోదాని మీద చాలా తక్కువ. అందుకే ‘కేకలు తగ్గాయి, మందు పనిచేసింది, ఇక మిగిలింది ఒళ్లు బద్ధకమే’ అని తండ్రులు అనుకుంటారు. అది బద్ధకం కాదు. కాలు విరిగినవాణ్ని పరుగెత్తమనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

తిట్లకు ఉన్న ఖరీదు కూడా లెక్కగట్టారు. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినవారిలో కొందరికే జబ్బు ఎందుకు తిరగబెడుతోందని వెతికాడు. ఇంట్లో ఎత్తిపొడుపులు, కోపం, అతిగా గుప్పిట్లో పెట్టుకునే ప్రేమ ఎక్కువగా ఉన్నచోట తిరగబెట్టడం ఎక్కువని తేలింది. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అలాంటి ఇళ్లలో ఏడాదిలోపు 100కు దాదాపు 50 మందికి, నెమ్మదైన ఇళ్లలో 20 మందికి తిరగబెట్టింది. దీన్ని బట్టి ‘జబ్బు మీ వల్లే వచ్చింది’ అనుకోకూడదు. జబ్బు రావడానికి కారణం ఇల్లు కాదు. వచ్చిన జబ్బు మళ్లీ లేవకుండా చూడటంలో మాత్రం ఇంటి చేతిలో మందుకు తోడుగా నిలిచేంత బలం ఉంది. గమనించండి, అతిప్రేమ కూడా ఆ లెక్కలో ఉంది. 24 ఏళ్ల కొడుకుకు ముద్దలు కలిపి తినిపించడం, ఒక్క నిమిషం ఒంటరిగా వదలకపోవడం అమ్మ మానుకోవాల్సినవి.

నాన్నగారికి చెప్పాల్సింది ఇది. తిట్టడం మానేసి ఊరుకోవడం సరిపోదు, చేతికి చిన్న పని ఇవ్వాలి. తీవ్రత తగ్గాక, మొదటి వారం ఒకే ఒక్క లక్ష్యం: పొద్దున్న ఎనిమిదికల్లా లేచి స్నానం చేయడం. అది నాలుగైదు రోజులు నిలిచాక నాన్నతో పాటు అరగంట చెరువు దగ్గరికి. ఆ తర్వాత మేత బస్తాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని వేశారు అన్నది పుస్తకంలో రాసే పని. లెక్కలు తెలిసిన పిల్లవాడు, పని చిన్నదైనా నిజమైనదిగా ఉండాలి. ఒక రోజు రాయకపోతే ఏమీ అనకండి, రాసిన రోజున ‘ఇవాళ లెక్క సరిగ్గా ఉంది’ అనండి. అంతే చాలు. కానీ భయాలు, వినిపించే మాటలు తీవ్రంగా ఉన్న ఈ రోజుల్లో మాత్రం చెరువు గట్టు మీదికి ఒంటరిగా పంపకండి. చెరువుల మందులు, పురుగుమందులు, ఇంట్లో ఉన్న అన్ని మాత్రలు తాళంలో పెట్టండి.

ఎందుకంటే ఈ జబ్బు ఉన్నవారిలో 100కు దాదాపు ఐదుగురు ఆత్మహత్య వల్ల చనిపోతారు. ఎక్కువగా జబ్బు మొదలైన తొలి ఏళ్లలో. విచిత్రం ఏమిటంటే, మతి చెదిరి ఉన్నప్పుడే కాదు, కాస్త తేరుకుని ‘నా చదువు ఏమైపోయింది, స్నేహితులంతా ఉద్యోగాల్లో చేరారు’ అని తెలిసివచ్చినప్పుడు కూడా ఆ ప్రమాదం ఎక్కువే. ‘నీకు వినిపించేవాళ్లు ఏమైనా చేయమంటున్నారా? చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

జబ్బు ఏమిటన్నది క్లుప్తంగా. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో ఈ పేరు పెట్టాడు. ‘చీలిన మనసు’ అని అర్థం రావడంతో ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుంటారనే అపోహ పుట్టింది. అది వేరే సంగతి, దీనికీ దానికీ సంబంధం లేదు. మగపిల్లల్లో ఎక్కువగా 18-25 ఏళ్ల మధ్య, ఆడవారిలో కొన్నేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో ఈ కోవ జబ్బులు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవారు 100కు 1.4 మంది. అంటే మీ ఊళ్లో మీరొక్కరే కాదు, మిగతావాళ్లు చెప్పుకోవడం లేదంతే. పెంపకం, పాపం, చేతబడి – ఇవేవీ కారణాలు కావు. పుట్టుకతో వచ్చిన జన్యువులు, కడుపులో ఉన్నప్పుడూ పుట్టేటప్పుడూ ఎదురైన ఇబ్బందులు, ఆ పైన ఒత్తిడి, గంజాయి లాంటివి కలిసి తెచ్చిపెడతాయి. గంజాయి గురించి హైదరాబాద్ రోజుల్లో అలవాటుందేమో నెమ్మదిగా అడగండి. తిట్టడానికి కాదు. అది కొనసాగుతుంటే మందులు సరిగా నిలబడవు, అందుకు. తొలిసారి జబ్బు వచ్చినప్పుడు థైరాయిడ్, బి12 లాంటి రక్తపరీక్షలు చేయించకపోయి ఉంటే ఇప్పుడైనా అడిగి చేయించండి. ఫిట్స్, జ్వరం లాంటివి కూడా ఉంటే మెదడు స్కాన్ తప్పనిసరి.

మీ బిడ్డ గురించి. మామూలు జనంలో ఈ జబ్బు అవకాశం 100కు ఒకటి. తోబుట్టువుకు వచ్చి ఉంటే 100కు 9 దాకా. మేనమామకు ఉన్నప్పుడు మేనల్లుడికో మేనకోడలికో రావడానికి అవకాశం 100కు 3 నుంచి 4. అంటే 96 మందికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన ఏకరూప కవలల్లో కూడా ఒకరికి ఉంటే రెండోవారికి రాని సందర్భాలే సగం దాకా ఉన్నాయి. దీనికోసం గర్భంలో చేసే పరీక్ష ఏదీ లేదు, అవసరమూ లేదు. అత్తగారింట్లో చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. తమ్ముడి జబ్బు మీరు దాచిన నేరం కాదు. చెప్పాలనుకున్న రోజున ముందు మీ భర్తకు చెప్పండి, ఈ అంకెలతో సహా. ఒకటి మాత్రం వద్దు: రాత్రులు మేలుకుని కాపలా ఉండే వంతు ఈ నెలల్లో మీరు తీసుకోకండి.

మందుల లెక్కకు వద్దాం. మూడు నెలలు మానేశాక ఇంట్లో మిగిలిన మాత్రలతో నేరుగా 4 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టకండి. సాధారణంగా 1-2 మి.గ్రా.తో మొదలుపెట్టి కొన్ని రోజుల్లో పెంచుతారు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, బిగుసుకుపోవడం అలా తగ్గుతాయి. నిద్ర, అలజడి మొదటి వారం రెండు వారాల్లో నెమ్మదిస్తాయి. నమ్మకాలు మెత్తబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. పది రోజులకే ‘ఈ మందు పనిచేయదు’ అని డాక్టర్లను మార్చడం మన దగ్గర మామూలు. దానివల్ల ఏ మందుకూ న్యాయం జరగదు.

ఎన్నేళ్లు అంటే: మొదటిసారి వచ్చి తగ్గినవారు సాధారణంగా మరో ఏడాది, రెండేళ్లు వాడాలి. మీ తమ్ముడికి తిరగబెట్టింది కాబట్టి లెక్క మారుతుంది. కనీసం ఐదేళ్ల మాట. కొందరికి ఇంకా ఎక్కువ. బీపీ మాత్రలా అనుకోండి. 65 ప్రయోగాలను కలిపి 2012లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, మందు కొనసాగించినవారిలో ఏడాదిలో 100కు 27 మందికి తిరగబెడితే, ఆపినవారిలో 64 మందికి తిరగబెట్టింది. ఆ 27 కూడా చూడండి. మందు వాడినా రావచ్చు. వస్తే అది మీ తప్పూ కాదు, అతని తప్పూ కాదు. ఇంకో సంగతి, ఆపిన మర్నాడే రాదు. వారాలు, నెలలు బాగానే గడుస్తాయి. మీ ఇంట్లో మూడు నెలలు గడిచినట్టే. అందుకే మానేయడానికీ జబ్బుకూ సంబంధం ఎవరి కంటికీ ఆనదు.

రోజూ మాత్ర దగ్గర గొడవ పడే ఇళ్లకు ఇంజెక్షన్ మంచి మార్గం. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పాలిపెరిడోన్ నెలకోసారి. రెండోది ఖరీదు ఎక్కువ. రిస్పెరిడోన్ ఒంట్లోకి వెళ్లాక మారే రూపమే పాలిపెరిడోన్, కాబట్టి మీ తమ్ముడికి ఇదివరకే పనిచేసిన మందు కిందే లెక్క. ‘మాట వినకపోతే సూది పొడిపిస్తాం’ అని శిక్షలా చెప్పవద్దు. ‘రోజూ అమ్మ మాత్ర వేసుకున్నావా అని అడగదు, నెలకోసారి వెళ్లొస్తే సరిపోతుంది’ అని అతని వైపు నుంచి చెప్పి, ఎంపిక అతనికే వదలండి.

రెండు రకాల మందులు, ఒక్కొక్కటి సరైన డోసులో ఆరు వారాలు నిజంగా లోపలికి వెళ్లినా లొంగకపోతే క్లోజపిన్ అనే మందు ఉంది. దానికి భయపడి ఏళ్లు వృథా చేసుకుంటారు చాలామంది. తెల్ల రక్తకణాలు తగ్గే ప్రమాదం కొద్దిమందికి ఉంటుంది కాబట్టి మన దగ్గర మామూలుగా మొదటి 18 వారాలు వారానికోసారి, తర్వాత నెలకోసారి రక్తపరీక్ష చేయిస్తారు. గొంతు నొప్పి, జ్వరం వస్తే అదే రోజు పరీక్ష. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఈ మందుతో అది ప్రాణం మీదికి తేగలదు. రెండు రోజులకు మించి మానేస్తే మళ్లీ పాత డోసు వేయకూడదు, 12.5 మి.గ్రా. నుంచి మొదలుపెట్టాలి. సిగరెట్లు కాల్చేవారు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో క్లోజపిన్, ఇదే కోవకు చెందిన ఒలాంజపిన్ అనే మందు పెరిగిపోతాయి. మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానాలి.

ఏ మందైనా బరువు నెలకోసారి, నడుము కొలత, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ మూడు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి చూడాలి. ఈ జబ్బు ఉన్నవారి ఆయుష్షు తగ్గడానికి పెద్ద కారణాల్లో గుండెజబ్బు ఒకటి. తలనొప్పి, గుండె నొప్పి అని అతను అన్నప్పుడు ‘అదీ భ్రమే’ అని కొట్టిపారేయకండి.

ఏం చేసినా డాక్టరు దగ్గరికి రానంటే? అతను తిండి మానేసినా, తనకో ఇతరులకో హాని జరిగే పరిస్థితి వచ్చినా బలవంతంగా కట్టి తీసుకెళ్లడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం పరిష్కారం కాదు. తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట 2001 ఆగస్టు 6న నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. తన జబ్బు గురించి నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నవారిని, వారి తరఫు ప్రతినిధి దరఖాస్తుతో, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల వరకు చేర్చుకునే వీలు అదే చట్టంలోని 89వ సెక్షన్‌లో ఉంది. ఆ ప్రతినిధి ఎవరన్నది అతను బాగున్నప్పుడు తనే రాసి పెట్టుకోవచ్చు. తేరుకున్నాక ఆ కాగితం రాయించండి. మీకు దగ్గరలో కాకినాడ, విజయవాడ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇప్పటికిప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, రాత్రీ పగలూ, తెలుగులోనే. ప్రమాదం ఉంటే 108.

మేనత్త మాట. ఇప్పుడు పెళ్లి వద్దు. పెళ్లి మందు కాదు, దానికి తోడు నాలుగు రాత్రులు నిద్రలేని హడావుడి, కొత్త మనుషులు, కొత్త బాధ్యత. అన్నిటికన్నా ముందు, భార్యకు తెలియకుండా మాత్ర వేసుకోవాలి కాబట్టి వేసుకోడు. ఇలా దాచి చేసిన పెళ్లిళ్లు చాలాసార్లు తిరగబెట్టిన జబ్బుతోనే బయటపడతాయి. ఆ అమ్మాయికి అది పచ్చి అన్యాయం. హిందూ వివాహ చట్టం ప్రకారం మోసం కింద ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. అలాగని ఎప్పటికీ పెళ్లి లేదని కాదు. ఏడాది రెండేళ్లు నిలకడగా ఉండి, సొంత సంపాదన ఉండి, తన జబ్బు గురించి తన నోటితో ఆ అమ్మాయికి చెప్పగలిగిన రోజున చేసుకోవచ్చు. స్కిజోఫ్రీనియా అన్న పేరొక్కటే విడాకులకు చాలదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

మామూలు మనిషి అవుతాడా అని అడిగారు. కొందరికి ఒక్కసారి వచ్చి పోతుంది. ఎక్కువమందికి మధ్యమధ్య తిరగబెడుతూ, నడుమ బాగా గడిచే కాలాలుంటాయి. కొందరిలో లోటు మిగిలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో తొమ్మిది దేశాల్లో మొదలుపెట్టిన అధ్యయనంలో మన ఆగ్రా కూడా ఉంది. ధనిక దేశాల రోగులకన్నా మన దేశపు రోగులు మెరుగ్గా కోలుకున్నారని అందులో తేలింది. కుటుంబం పక్కన ఉండటం ఒక కారణమని చాలామంది నిపుణులు భావిస్తారు. మీ తమ్ముడికి మొదటిసారి రెండు నెలల్లో మందు పనిచేయడం మంచి సూచన. బీటెక్ మిగిలిన సబ్జెక్టులు తర్వాత పూర్తిచేయవచ్చు, ఒక్కో సెమిస్టరులో ఒకటి రెండు చొప్పున. తొందరలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం తీసుకెళ్లండి. ఒక పక్క: ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, డోసు, ఎన్ని వారాలు, ఎప్పుడు మానేశాడు, అన్నంలో కలిపినవి. రెండో పక్క: ఈసారి తిరగబెట్టేముందు మొట్టమొదట కనిపించిన మార్పులు. నిద్ర ఎన్ని గంటలకు తగ్గింది, ఫోన్ కెమెరాకు ప్లాస్టర్ ఎప్పుడైనా అంటించాడా, స్నానం ఎప్పుడు మానేశాడు, ఏ మాట పదే పదే అన్నాడు. ఒక్కో మనిషికి ఒక్కో వరస ఉంటుంది, తిరగబెట్టినప్పుడల్లా అది దాదాపు అదే క్రమంలో వస్తుంది. అతను తేరుకున్నాక ఆ రెండో పక్కను అతని చేతే తిరగరాయించి, ‘వీటిలో ఏవైనా రెండు మార్పులు మూడు రోజులు వరసగా కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేయడానికి నాకు ఇష్టమే’ అని కింద సంతకం పెట్టించి, ఫ్రిజ్ మీద కాకుండా అతను ఒప్పుకున్న చోట దాచుకోండి.